సృష్టి మొదలును కత్తిరించిన కురుమూర్తి

గద్వాల నేతగాళ్ళ వీధిలో కురుమూర్తికి ఒక ఇంటిపేరు ఉండేది గాని, అది రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా వాడకంలో లేదు. వీధి వీధంతా అతన్ని మొదలు కురుమూర్తి అనేది. ప్రతి సంగతికీ మొదలెక్కడో తేలి తీరాలని అతని పట్టుదల. ఇద్దరు జుట్లు పట్టుకుంటే విడదీసేవాళ్ళు ఏ వీధిలోనైనా ఉంటారు. కురుమూర్తి విడదీసి ఊరుకునే రకం కాదు. ఇద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టి, కండువా దులిపి భుజాన వేసుకుని, "మొదలు ఎవరు?" అని విచారణ ప్రారంభించేవాడు.

గోపాలయ్య మేక పక్కింటివాళ్ళ పడుగు నమిలిన వ్యవహారం ఇప్పటికీ చెప్పుకుంటారు. వీధిలో బారుగా చాచి గంజి పెట్టిన నిలువు పోగుల పడుగును గోపాలయ్య మేక ఒక చివరి నుంచి తీరిగ్గా భోంచేసింది. తప్పు మేకదని వాళ్ళు, పడుగును మేక ముఖానికి అందేలా చాచినవాళ్ళదని గోపాలయ్య. కురుమూర్తి రెండు వాదాలనూ తోసిపుచ్చాడు. మేక గంజి వాసనకు వచ్చింది. గంజి వాసన ఎరిగిన మేక ఎవరింట్లో పెరిగింది? గోపాలయ్యకు ఆ మేకను బహుమానంగా ఇచ్చిన బావమరిది ఇంట్లో. అతనిది వడ్డేపల్లి. తీర్పు అతని మీద వెలువడింది. ముద్దాయి ఊళ్ళో లేనందువల్ల శిక్ష అమలు కాలేదు గాని, ఇరుపక్షాలూ కలిసి వడ్డేపల్లి మనిషిని తిట్టుకుంటూ స్నేహితులైపోయారు. ఇలాంటి తీర్పుల వల్ల కురుమూర్తికి గద్వాలలో గౌరవమూ, వడ్డేపల్లిలో ఒక శత్రువూ సమకూరారు.

ఈ పద్ధతిలో ఒక చిన్న సౌకర్యం ఉంది. వెనక్కి ఎంత దూరం నడవాలో, ఎక్కడ ఆగి "ఇదిగో మొదలు" అనాలో, అది విచారించేవాడి చేతిలో ఉంటుంది. కురుమూర్తి దాన్ని ఎన్నడూ దుర్వినియోగం చేయలేదు. అవసరం రాలేదు కనుక.

అవసరం జూరాల డ్యాము గేట్లు చూడడానికి జనం లారీలెక్కి పోతున్న రోజుల్లో వచ్చింది.

హైదరాబాదు నుంచి ఒకావిడ కారులో చీరలు చూడడానికి వచ్చింది. కురుమూర్తి మగ్గం మీద నుంచి అప్పుడే దిగిన చీరను ఒళ్ళో పరుచుకుని చాలాసేపు తడిమి చూసింది. ఒళ్ళంతా మబ్బు రంగు నూలు, అంచులు దానిమ్మ గింజ రంగు పట్టు. "ఈ రంగుల జోడింపు ఎవరి ఆలోచన?" అని అడిగింది.

కురుమూర్తి గొంతు సవరించుకుని, "నాదేనమ్మా" అన్నాడు.

లోపలి గదిలో కౌసల్యమ్మ ఉంది. ఆమె కురుమూర్తి భార్య. ఆ రెండు రంగుల దారాలనూ పొద్దున ఎండలో ఒకసారి, సాయంత్రపు నీడలో ఒకసారి గుమ్మానికి వేలాడదీసి చూసుకుని, ఇవే కావాలని పట్టుబట్టింది ఆమె. అప్పుడు కురుమూర్తి ఇచ్చిన అభిప్రాయం, "ముసురు పట్టినట్లున్నది. దవాఖాన గోడకు వేస్తరు గిసొంటి రంగు" అని. ఆ సంగతి అతనికి గుర్తు లేదని చెప్పలేం. హైదరాబాదు ఆవిడ అడిగిన క్షణాన గుర్తుకు రాలేదు, అంతే. ఆ తర్వాత గుర్తుకు వచ్చింది గాని, అప్పటికి కారు వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం పప్పులో ఉప్పు లేదు.

"ఏమే, ఉప్పు వేయలేదా?" అన్నాడు కురుమూర్తి.

"ఉప్పు వేసే ఆలోచన గూడ నీకే రావాలె గద" అంది కౌసల్యమ్మ. ఆ మాట తర్వాత ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఏదీ వినపడలేదు.

కురుమూర్తి తన పద్ధతి ప్రకారం లోలోపల విచారణ జరిపాడు. ఇంట్లో మాటలు ఆగిపోయాయి. మొదలెక్కడ? ఉప్పు దగ్గర. ఉప్పు ఎవరి బాధ్యత? ఆమెది. అక్కడితో ఆగి, తీర్పు రాసుకుని, ఆమె క్షమాపణ కోసం హుందాగా ఎదురు చూడసాగాడు.

ఎదురు చూస్తే నష్టం ఉండేది కాదు. కానీ మగ్గం మీద పాత పడుగు అయిపోయింది, కొత్త పడుగు వచ్చి కూర్చుంది. రెంటినీ కలపాల్సింది కౌసల్యమ్మ.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పడుగు అయిపోగానే నేతగాడు దాన్ని మొత్తంగా కోసి పారేయడు. నేసిన బట్టను కోసుకుని, మిగిలిన కొసలను జారిపోకుండా ముళ్ళు వేసి అచ్చులోనే వదిలేస్తాడు. అచ్చు అంటే ఒక్కో పోగునూ ఒక్కో కంట్లోంచి దూర్చి, ఒక్కో పంటిలోంచి లాగి వరుస తప్పకుండా పట్టి ఉంచే సరంజామా. కొత్త పడుగు వచ్చాక పాత పోగు కొసకు కొత్త పోగు కొసను కలిపి, వేళ్ళ మధ్య బూడిద అద్దుకుని ఒక మెలిక తిప్పుతారు. అన్నీ అతికాక పాతదాన్ని లాగితే కొత్తది దాని వెంటే కళ్ళలోంచి దూరి వచ్చేస్తుంది. దీన్ని అచ్చు అతకడం అంటారు. ఆ ఇంట్లో ఇది ఆడవాళ్ళ చేతి పని. కురుమూర్తి తల్లి ఎల్లమ్మ చేసేది. కొత్త కోడలిగా వచ్చిన కౌసల్యమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, తన పడుగు కొసలకు ఆమె చేత మొదటి మెలిక తిప్పించింది. ఎల్లమ్మ తన అత్త కొసలకు తిప్పింది. అచ్చు అరిగి మార్చాల్సి వచ్చినప్పుడు కూడా పాత పోగులను ఒక్కొక్కటే కొత్త అచ్చులోకి దాటించేవాళ్ళు గాని తెంపేవాళ్ళు కారు. అంటే ఆ మగ్గం మీద ఏ పడుగూ ఖాళీ అచ్చులో మొదలు కాలేదు. ప్రతిదీ ముందుదాని వెంట వచ్చిందే. మొదళ్ళ మీద ఇంత పట్టున్న కురుమూర్తి ఆ మగ్గం దగ్గరే పుట్టి పెరిగి, ఈ సంగతిని ఎన్నడూ పట్టించుకోలేదు.

కౌసల్యమ్మ అచ్చు దగ్గర కూర్చోలేదు. కూర్చోనని కూడా అనలేదు. మగ్గం పక్క నుంచి నడిచి వెళ్ళేటప్పుడు దాన్ని చుట్టమింట్లో మంచాన్ని చూసినట్లు చూసి వెళ్ళేది.

ఇలా ఉండగా ఒక శనివారం మధ్యాహ్నం మేడమీది గదిలో అద్దెకుండే బాలరాజు దిగివచ్చాడు. బాలరాజు కాలేజీలో ఫిజిక్సు లెక్చరర్. సొంతూరు నాగర్‌కర్నూలు. భార్యాపిల్లలు అక్కడే. శనివారం బస్సెక్కి వెళ్ళి సోమవారం పొద్దున వస్తాడు. మంచి చదువరి, చెప్పేది స్పష్టంగా చెప్తాడు. ఒకటే లోపం: ఏ విషయమైనా బస్సు టైమును బట్టి ముగిస్తాడు. కాలేజీవాళ్ళు ఏటా తామే పెట్టుకునే సైన్సు దినం వస్తోంది, దానికి ఉపన్యాసం తయారు చేసుకుంటున్నాడు. పిల్లలకు చెప్పేముందు ఎవరికైనా చెప్పి చూసుకోవాలని అతని కోరిక. మగ్గం ఖాళీగా ఉన్న కురుమూర్తి కంటే తీరికగల శ్రోత ఆ వీధిలో మరొకరు లేరు.

"కురుమూర్తన్నా, సృష్టి మొదలు గురించి చెప్త, ఇంటవా?" అన్నాడు.

మొదలు అన్న మాట చెవిన పడగానే కురుమూర్తి కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

కౌసల్యమ్మ రెండు టీ గ్లాసులు తెచ్చింది. సారు గ్లాసు చేతికి అందించింది. రెండోది అరుగు మీద ఠక్కున పెట్టి వెళ్ళింది.

"ఆకాశంల నక్షత్రాల గుంపులన్నీ ఒకదానికొకటి దూరం జరుగుతున్నై. కొలిచి చూసిండ్రు" అన్నాడు బాలరాజు. "దూరం జరుగుతున్నయంటె నిన్న ఇంకా దగ్గర ఉండాలె. మొన్న ఇంకా దగ్గర. గట్ల వెనక్కి వెనక్కి పోతె అంతా ఒక్కకాడికి రావాలె. లెక్క చేస్తె ఏమొస్తదంటె, ఒక్క చుక్క. దానికి పొడుగు లేదు, వెడల్పు లేదు. సృష్టి బరువంతా అండ్లనే. అక్కడ మొదలైందన్నా అంతా."

కురుమూర్తి కళ్ళు మెరిశాయి. వడ్డేపల్లి మనిషి దాకా వెళ్ళగలిగినవాడు తానొక్కడే అనుకున్నాడు ఇంతకాలం. వీళ్ళు ఇంకా చాలా దూరం వెళ్ళారు. "మరి దానికి ముందేమున్నది సారు?"

"ముందు అనేదే లేదు. కాలం గూడ అక్కడనే మొదలు. ముందేమున్నదని అడగనీకె ముందు అనేది ఉండాలె గద."

"ఏమీ లేదా?"

"లెక్క ప్రకారం లేదు. కాని అసలు ముచ్చట ఇప్పుడొస్తదన్నా..." అని బాలరాజు గడియారం చూసుకున్నాడు. "అమ్మో, బస్సు! మిగిలింది సోమవారం చెప్త."

చెప్పుల్లో కాళ్ళు దూర్చి పరుగెత్తాడు. సృష్టి సగంలో ఆగింది.

ఆ సగం కురుమూర్తికి సరిపోయింది. ఆ రాత్రి పడుకుని ఆలోచించిన కొద్దీ అందులో ఎంతో న్యాయం కనపడింది. ఒక మొదలు ఉంటుంది. దానికి ముందు అనేది ఉండదు. అంటే ముందు జరిగినవి ఏవీ లెక్కలోకి రావు: ఉప్పు లేదు, ఉప్పు దాకా తెచ్చిన మాట లేదు, ఆ మాట దాకా తెచ్చిన... అది కూడా లేదు. కావాల్సిందల్లా ఒక కొత్త మొదలు. ఇంత పెద్ద సృష్టికి పనికి వచ్చిన పద్ధతి గద్వాలలో ఒక మగ్గానికి పనికి రాదా?

ఆదివారం కౌసల్యమ్మ వెనక వీధిలో పసిబిడ్డను ఉయ్యాలలో వేసే తొట్టెల వేడుకకు వెళ్ళింది. కురుమూర్తి కత్తెర తీసుకుని మగ్గం గుంటలోకి దిగాడు. ఎడమ అంచు దగ్గర మొదలుపెట్టి, అచ్చులో ఉన్న పాత పోగుల ముళ్ళు కోసి, ఒక్కొక్కటే బయటికి లాగి పడేయసాగాడు. దానిమ్మ రంగు పట్టు కొసలు కాళ్ళ దగ్గర కుప్పపడ్డాయి. ఎడమ అంచు పూర్తయ్యేసరికి అతని నడుము పట్టేసింది. ఒళ్ళు మొత్తం, కుడి అంచూ మిగిలి ఉండగా, సృష్టికి విరామం ప్రకటించి గోడకు ఆనుకున్నాడు.

కౌసల్యమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"కౌసల్యా" అన్నాడు కురుమూర్తి, ఉపన్యాసం ఇచ్చేవాడి గొంతుతో. "ఇయ్యాల్టి సంది కొత్త మొదలు. దీనికి ముందు అనేదే లేదు. సారు చెప్పిండు."

ఆమె అతన్ని చూడలేదు. నేల మీది కుప్పను చూసింది. వంగి నాలుగు పోగులు తీసి, వాటి కొసలను వేళ్ళ మధ్య ఒకసారి నలిపి చూసింది.

"అత్తమ్మ చేతి వరుస" అంది మెల్లగా. తర్వాత అంత మెల్లగా అనలేదు. "దీనికి ముందు ఏం లేదా? నేను గూడ లేనా? మంచిది. లేనిదానికి ఈడ ఏం పని?"

సాయంత్రం బస్సుకు వనపర్తిలో ఉన్న చెల్లెలు లలితమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

కురుమూర్తి మొదట గంభీరంగా ఉన్నాడు. సృష్టి మొదట్లో కొంత గందరగోళం సహజమే అనుకున్నాడు. సోమవారం పొద్దున తానే టీ పెట్టుకుని, అందులోకి చక్కెర ఎక్కడుందో వెతికి వెతికి, చివరికి లేకుండానే తాగి, పక్క వీధి హన్మమ్మ దగ్గరికి వెళ్ళాడు. హన్మమ్మ పెద్ద మనిషి. ఇంట్లో అతికేవాళ్ళు లేనివాళ్ళు ఆమెను పిలుచుకుంటారు.

"అత్తా, జర వచ్చి అచ్చు అతికిపోవా?"

"కౌసల్య యాడికి పోయింది?"

"వనపర్తికి. వస్తది."

"వస్తె అదే అతుకుతది గద. నన్నెందుకు పిలుస్తున్నవ్?" హన్మమ్మ వక్క నోట్లో వేసుకుంది. "కౌసల్య బతికుండంగ ఆ మగ్గం మీద ఇంకొకరి చెయ్యి పడిందనుకో, నువ్వు దాన్ని ఇడిసిపెట్టినవని ఊరంత అనుకుంటది. నాకెందుకు కొడుకా గా పాపం. పో, తోల్కరాపో." కాస్త ఆగి, "ఎడమ అంచు పీకినవంట గద. ఎందుకు పీకినవ్?" అంది.

"సృష్టి... అది చెప్తె పెద్ద కత అత్తా."

"చెప్పకు" అంది హన్మమ్మ వెంటనే.

కురుమూర్తి ఇంటికి వచ్చేసరికి బాలరాజు బస్సు దిగి, సంచీ భుజాన ఉండగానే మగ్గం ముందు నిలబడి ఉన్నాడు. ఎడమ వైపు బోసిగా ఉన్న అచ్చును, పక్కన ఉన్న కత్తెరను చూస్తున్నాడు.

"ఏందన్నా ఇది?"

"మీరు చెప్పిందే సారు. కొత్త మొదలు."

బాలరాజు సంచీ దించి అరుగు మీద కూలబడ్డాడు. "అన్నా, నేను సగమే చెప్పిన."

"ఇంకో సగం ఏముంటది?"

"అసలుదే అది. ఆ చుక్క కాడ బరువు అనంతం, వేడి అనంతం అని వస్తది లెక్కల. జవాబు అనంతం అని వచ్చిందంటె మొదలు దొరికిందని కాదు. లెక్క చేతులెత్తేసిందని. ఆడికి పోయినంక ఆ లెక్క పని చెయ్యదు."

"ఎందుకు చెయ్యదు?"

"గురుత్వాకర్షణకు ఒక లెక్క ఉన్నది. గ్రహాలు, నక్షత్రాలు, పెద్ద సంసారం దానిది. అణువు కంటె చిన్నవాటికి ఇంకో లెక్క, క్వాంటం లెక్క. ఎవరి పనిల వాళ్ళు గట్టోళ్ళే. కాని ఇద్దరికీ మాటలు లేవు. మామూలుగ మాట్లాడే అవసరం గూడ రాదు. సృష్టి మొదట్ల మాత్రం అంత బరువూ ఇంత చిన్న జాగల ఉంటది. అప్పుడు ఇద్దరూ ఒక్క మగ్గం కాడనే కూసోవాలె. మాట్లాడుకోకుంటె పని నడువది."

కురుమూర్తి అనుమానంగా చూశాడు. "సారు, మీరు సృష్టి గురించే చెప్తున్నరు గద?"

"సృష్టి గురించేనన్నా" అన్నాడు బాలరాజు, కళ్ళు దించుకుని. "ఆ ఇద్దరికీ రాజీ కుదిర్చే లెక్కకు క్వాంటం గురుత్వం అని పేరు పెట్టిండ్రు. పేరైతె ఉన్నది, లెక్క ఇంకా పూర్తి కాలే. అయినకాడికి కొందరు ఏమంటున్నరంటె, ఈ జాగ అనేది నున్నటి గాజు తీరుగ ఉండదు, బట్ట తీరుగ ఉంటది. దూరంకెళ్ళి చూస్తె నున్నగ కనిపిస్తది. మస్తు దగ్గరికి పోతె పోగులే. పోగు కంటె సన్నటి బట్ట ఉంటదా? ఉండదు. అట్లనే ఈ జాగకు గూడ ఒక హద్దు ఉంటదంట. దానికంటె చిన్నగ కుంచించుకోదు. గట్లయితె చుక్క దాకా పోనే పోదు."

"మరి?"

"ముందటి కాలంల ఇంకో సృష్టి ఉండి, అది కుంచించుకుంట కుంచించుకుంట వచ్చి, ఆ ఇరుకుల నుంచి దాటి ఇటుపక్క మన సృష్టిగ పరుచుకున్నదేమో. చుక్క ఉండాల్సిన కాడ చుక్క లేదు. దాటు ఉన్నది."

కురుమూర్తి మగ్గం వైపు తిరిగి, "అతుకు" అన్నాడు.

"అతుకనుకో. ఉదాహరణకు మాత్రమే. ఏదీ రుజువు కాలేదన్నా, అది యాదుంచుకో. ఇంకొందరు వేరే తీరుగ అంటున్నరు. మొదట్ల కాలం కాలం లెక్క ఉండదు, గుండ్రటి నేలకు అంచు లేనట్లు దానికీ అంచు ఉండదని..."

"అది వద్దు సారు. నాకు అతుకు ఒక్కటి చాలు." కురుమూర్తి కత్తెర తీసి దూరంగా పెట్టాడు. "శనివారమే ఈ సగం చెప్పి, ఆ సగం సోమవారం చెప్తె ఏం పోతుండె మీకు? పెండ్లామన్నా మిగులుతుండె."

"బస్సు అన్నా..."

"మా ఆమె గూడ బస్సుకే పోయింది."

మర్నాడు కురుమూర్తి వనపర్తి బయలుదేరాడు. ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు మారాడు. బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటేటప్పుడు అందరిలాగే కిటికీలోంచి చిల్లర విసిరి దండం పెట్టుకున్నాడు. పెబ్బేరు దాటాక తన వాదాన్ని మనసులో వరుసగా పేర్చుకున్నాడు. వాదం దివ్యంగా ఉంది. సృష్టికే ఖచ్చితమైన మొదలు లేదంటే, ఒక మామూలు పప్పు తగాదాకు ఎక్కడ ఉంటుంది? మొదలు లేనప్పుడు మొదలుపెట్టినవాళ్ళూ లేరు. తప్పు ఎవరిదీ కాదు. వడ్డేపల్లి మనిషికి కూడా ఈ సూత్రం కింద క్షమాభిక్ష పెట్టాలని నిశ్చయించుకున్నాడు.

లలితమ్మ ఇంటి అరుగు మీద అక్కచెల్లెళ్ళిద్దరూ చిక్కుడుకాయలు తుంచుతున్నారు.

"రా బావా" అంది లలితమ్మ. "సృష్టి ఎట్లున్నది? అంతా మంచిదేనా?"

కౌసల్యమ్మ తలెత్తలేదు. చేటలో కాయలు టుక్కు టుక్కుమని విరుగుతున్నాయి.

కురుమూర్తి అరుగు చివర కూర్చున్నాడు. "కౌసల్యా, మొదలు అనేది లేదంటనే."

"మొన్న ఉండె గద" అంది ఆమె చిక్కుడుకాయతో.

"మొన్న ఉండె. సోమవారం సంది లేదు."

లలితమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కురుమూర్తి పట్టించుకోకుండా క్వాంటం గురుత్వాన్ని తనకు తెలిసినంత మేరకు వివరించాడు. తెలియనంత మేరకు చేతులు తిప్పాడు. బట్ట, పోగు, ఇరుకు, దాటు, అన్నీ వచ్చాయి. ముగింపుగా, "అందుకే, ఎవరిది తప్పు అని అడిగేదే తప్పు" అన్నాడు.

"అబ్బో, మస్తు ఉపాయం" అంది లలితమ్మ. "సృష్టికి మొదలు లేకుంటె లేకపాయె బావా. కొట్లాటకు ఉంటది. నువ్వే గద అందరినీ అడుగుతవ్. నేనడుగుత, చెప్పు. మొదలు ఎవరు?"

కురుమూర్తి జీవితంలో మొదటిసారి ఆ ప్రశ్నకు అవతలి వైపు కూర్చుని ఉన్నాడు. అక్కడి నుంచి అది చాలా మొరటు ప్రశ్నలా వినపడింది.

"ఉప్పు..." అన్నాడు.

"ఉప్పు కంటె ముందు?"

"ముందు... మీ అక్క పొద్దుగూకంగ తలుపు ధన్‌మని వేసింది."

"తలుపు కంటె ముందు?"

"కారు పోయింది."

"ఎవరి కారు?"

"హైదరాబాదు ఆమెది."

"ఆమె పోకముందు ఏమైంది బావా?"

టుక్కు టుక్కు చప్పుడు కొంచెం నెమ్మదించింది. కురుమూర్తి కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు. "లలితా, ఆడికి పోయినంక లెక్క పని చెయ్యదు."

"ఏ లెక్క?"

"ఏ లెక్క అయినా. చేతులెత్తేస్తది. సారునడుగు కావాలంటె."

"సారు నాగర్‌కర్నూల్ల ఉన్నడో గద్వాల్ల ఉన్నడో నాకు తెల్వదు. నువ్వు ఈడ ఉన్నవ్. చెప్పు."

వీధిలో పాలిటెక్నిక్ పిల్లలు సైకిళ్ళ మీద పోతున్నారు. కురుమూర్తి వాళ్ళు దాటిపోయేదాకా ఆగాడు. ఎవరో ఒకరు తనను చూసి విచారణ ఆపుతారేమోనని కూడా ఆశించాడు. ఎవరూ ఆపలేదు.

"రంగులు ఎవరివని అడిగింది ఆమె" అన్నాడు చివరికి. "నావని చెప్పిన. కౌసల్యవి అవి."

చిక్కుడుకాయల చప్పుడు ఆగిపోయింది.

"ముసురు పట్టినట్లున్నదంటివి" అంది కౌసల్యమ్మ. అతనితో నేరుగా.

"అంటి."

"దవాఖాన గోడ అంటివి."

"అది గూడ అంటి."

"ఆమె ముంగట నా పేరు చెప్తె నీ నోరు పడిపోతుండెనా?"

"పడకపోతుండె" అని ఒప్పుకున్నాడు కురుమూర్తి. "అప్పుడు గట్ల తోచలే. ఆమె చీరను అంతసేపు చూస్తుంటె, నేనే చేసిన కావచ్చు అనిపించింది."

కౌసల్యమ్మ అతని ముఖం కేసి చూసింది. అందులో వాదం ఏమైనా మిగిలి ఉందా అని వెతికినట్లుంది. ఏమీ లేదు.

"ఎంత పీకినవ్?" అంది.

"ఎడమ అంచు ఒక్కటే. నడుము పట్టింది."

"నీ నడుముకు దండం పెట్టాలె" అంది కౌసల్యమ్మ. చేట చెల్లెలి ఒళ్ళోకి జరిపి లేచింది. "లలితా, కూర నువ్వు వండుకో. ఇంకో పూట ఆగితె ఈయన కుడి అంచు గూడ పీకుతడు."

లలితమ్మ వదల్లేదు. ఇద్దరికీ అన్నం పెట్టి, బావ కంచంలో ఉప్పు గిన్నె ఒకటి విడిగా పెట్టి, తిన్నాకే బస్సెక్కనిచ్చింది.

గద్వాలలో మర్నాడు అతుకు ప్రారంభమైంది. ఒళ్ళు పోగులకూ కుడి అంచుకూ పాత కొసలు ఉన్నాయి గనుక కౌసల్యమ్మ వేళ్ళు వాటి మీద నీళ్ళలా నడిచాయి. ఎడమ అంచు దగ్గర మాత్రం అతకడానికి ఏమీ లేదు. పట్టు పోగులను ఒక్కొక్కటే ఖాళీ కంట్లోంచి దూర్చి, ఖాళీ పంటిలోంచి లాగాలి. ఒకరు ఇటు నుంచి అందించాలి, ఒకరు అటు నుంచి అందుకోవాలి. అందించే పని ముద్దాయికి పడింది.

"అది కాదు, దాని పక్కది."

"ఇదా?"

"అది నా బొటనవేలు."

కత్తెర తెచ్చిన సృష్టికర్త ఇలా రెండు పూటలు గుంటలో వంగి కూర్చుని, ఏమీ లేని చోట మొదలు పెట్టడం అంటే ఏమిటో నడుముతో సహా నేర్చుకున్నాడు. అంత చేసినా రెండు పోగులు ఒకదాని కంట్లోకి ఒకటి మారిపోయాయి. బట్ట జానెడు నేశాక ఎడమ అంచులో సన్నటి గీత కనపడింది. విప్పి సరిచేద్దామని కురుమూర్తి అన్నాడు.

"ఈ పడుగు అయినదాంక ఉండనీ" అంది కౌసల్యమ్మ. "నీకు కనపడాలె."

సైన్సు దినం నాడు బాలరాజు ఉపన్యాసాన్ని చివరి దాకా చెప్పాడు. అది శనివారం కాదు. చుక్క గురించి చెప్పి, ఊపిరి కూడా తీసుకోకుండా ఆ చుక్క ఎందుకు నమ్మదగ్గది కాదో చెప్పాడు. రాజీ ఇంకా కుదరలేదనీ, కుదిర్చే ప్రయత్నాలు రకరకాలుగా సాగుతున్నాయనీ, వాటిలో ఒకటి బట్ట లాంటిదనీ, ఏదీ తేలలేదనీ చెప్పాడు. "సగం విని ఎవ్వరూ ఇంటికి పోవద్దు" అని రెండుసార్లు హెచ్చరించాడు. పిల్లలకు ఆ హెచ్చరిక ఎందుకో అర్థం కాలేదు. చివరి బెంచీలో కూర్చున్న కురుమూర్తి మాత్రం గంభీరంగా తలూపాడు.

హైదరాబాదు ఆవిడ మళ్ళీ వచ్చింది. ఈసారి చీర పచ్చి మామిడి రంగు, అంచులు వంకాయ రంగు. చాలాసేపు చూసి, అదే ప్రశ్న అడిగింది.

"మా ఆమెది" అన్నాడు కురుమూర్తి. అక్కడ ఆగితే సరిపోయేది. కానీ మొదలు దొరికాక వెనక్కి నడవకుండా ఉండడం అతని వల్ల కాలేదు. ఆమెకు రంగులు చూడడం తన తల్లి ఎల్లమ్మ నేర్పిందనీ, ఎల్లమ్మకు ఆమె అత్త నేర్పిందనీ, ఆ అత్త కొల్లాపూర్ పిల్ల అనీ, కొల్లాపూర్‌లో మామిడి తోటలు ఉన్నాయి గనుక... బయట డ్రైవరు హారన్ కొట్టాడు. ఆవిడ ఎడమ అంచులోని గీతను వేలితో తడిమి, "ఇదేమిటి?" అంది.

"అది నాది" అన్నాడు కురుమూర్తి.

లోపలి గది నుంచి, "ఇగ ఊకో. ఆమె ఊరికి పోవాలె" అని వినపడింది.

ఆ సాయంత్రం పప్పులో ఉప్పు సరిగ్గా ఉంది. అది ఎందుకు సరిగ్గా ఉందో, ఎక్కడి నుంచి సరిగ్గా ఉండడం మొదలైందో కురుమూర్తి విచారించలేదు. రెండోసారి వడ్డించుకున్నాడు.